నాన్నమ్మ ఎక్స్ మనవడికి రాదు

(విజయనగరంలో ఒక గ్రంథాలయం హాల్లో డిగ్రీ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, ఊరి పెద్దల ముందు ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్ళకి వినిపిస్తోంది కదా? మైకు కొంచెం గరగరలాడుతోంది, సర్దుకుందాం.

నాకు ఇచ్చిన టాపిక్ "ఆడవాళ్ళ క్రోమోజోములు, మగవాళ్ళ క్రోమోజోములు: పోలికలు, తేడాలు". జవాబు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. జన్యువుల్ని మోసే పోగుల్లాంటి క్రోమోజోములు మనిషి కణంలో 46 ఉంటాయి, అంటే 23 జతలు. 22 జతలు ఆడా మగా ఇద్దరిలోనూ ఒకే రకం. మిగిలిన జత ఆడవాళ్ళలో ఎక్స్, ఎక్స్. మగవాళ్ళలో ఎక్స్, వై. అయిపోయింది, ఇక టీ తాగి వెళ్ళిపోవచ్చు. (నవ్వులు)

టెన్త్ పిల్లలకి కూడా తెలిసిన ఈ సంగతి కోసం మిమ్మల్ని ఇంత ఉక్కలో కూర్చోబెట్టడం న్యాయం కాదు. అందుకని ఇంకో రెండు ప్రశ్నలు పట్టుకొచ్చాను. ఆ ఎక్స్ ఏ ఇంటి నుంచి బయల్దేరి ఏ ఇంటికి చేరుతుంది? ఆ వై చేసే పని ఎంత? మనం వంశం, వంశం అంటూ వేసుకునే లెక్క ఒకటి ఉంది. కణాల్లో నడిచే లెక్క ఇంకొకటి ఉంది. ఈ రెండూ కలవవు. ఎక్కడ కలవవో చూపించడానికే వచ్చాను.

ముందు ఈ 46 సంగతి. ఇదేదో ఎప్పటినుంచో తెలిసిందే అనుకుంటాం. 1923లో పెయింటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మైక్రోస్కోపులో చూసి మనిషికి 48 క్రోమోజోములు అన్నాడు. ముప్ఫై ఏళ్ళ పాటు పుస్తకాలన్నీ 48 అనే రాశాయి. తర్వాత చూసినవాళ్ళు కూడా 48 ఉండాలి కాబట్టి 48 లెక్కపెట్టారు! 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ ట్జియో అనే ఆయన కణాలను విడదీసే పద్ధతి బాగు చేసుకుని చూస్తే 46 వచ్చాయి. లెవాన్ అనే సహచరుడితో కలిసి 1956లో ప్రచురించాడు. అంటే ఈ హాల్లో కూర్చున్న పెద్దల్లో కొందరు పుట్టేనాటికి మనిషికి ఎన్ని క్రోమోజోములో ప్రపంచానికి సరిగ్గా తెలియదు.

వింత ఏమిటంటే, ఎన్ని ఉన్నాయో తెలియక ముందే ఆడ, మగ తేడా ఎక్కడుందో తెలిసిపోయింది. ఆ పని చేసింది నెట్టీ స్టీవెన్స్ అనే ఆవిడ, అమెరికాలోని బ్రిన్ మార్ కాలేజీలో, 1905లో. ఆవిడ చూసింది మనుషుల్ని కాదు, పిండిలో పట్టే ఒక జాతి పురుగుల్ని. ఆడపురుగు కణంలో 20 పెద్ద క్రోమోజోములు. మగపురుగులో 19 పెద్దవి, ఒకటి చిన్నది. మగపురుగు వీర్యకణాల్లో సగానికి పెద్దది, సగానికి చిన్నది వెళ్తుంది. చిన్నది అందుకున్న అండం నుంచి మగపురుగు వస్తుంది. అదే ఏడాది విల్సన్ అనే ఆయన కూడా ఇదే దారిలో ఉన్నాడు. చాలా పుస్తకాలు ఆయన పేరే రాసి ఆవిడ్ని వదిలేశాయి. ఆవిడ 1912లోనే చనిపోయింది, అడగడానికి మనిషి లేదు.

కాబట్టి పుట్టేది ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే కణం బట్టి. ఇది 1905 నాటి మాట. అయినా మన ఊళ్ళలో రెండో కాన్పులో కూడా ఆడపిల్ల పుడితే "ఏటి, మళ్ళీ ఆడగుంటేనా?" అని అడిగేది కోడల్నే. ఇది మీకు చాలామంది చెప్పారు, ఇంకా లాగను. ఒక్కటి మాత్రం ఆశా అమ్మల కోసం. కడుపుతో ఉన్నప్పుడు రెండో నెల, మూడో నెలలో మగపిల్లాడు పుట్టడానికని నాటుమందు మింగించే చోట్లు ఇంకా ఉన్నాయి. వీర్యకణం అండంలో కలిసిన క్షణానే ఎక్స్ ఎక్సో, ఎక్స్ వైయో ఖాయమైపోతుంది. రెండో నెలలో మింగిన మందు దాన్ని మార్చలేదు. ఆ మందులో ఏవైనా హార్మోన్లు కలిపి ఉంటే లోపలి బిడ్డకి హాని మాత్రం చేయగలదు. ఇంకో సంగతి. ఈ మధ్య చదువుకున్నవాళ్ళు "మగాడి వై వీక్‌గా ఉందేమో" అంటున్నారు. అదీ తప్పే. నిందని ఒకరి నెత్తి మీద నుంచి తీసి ఇంకొకరి నెత్తిన పెట్టడం అంతే. ఏ వీర్యకణం ముందు చేరుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఇప్పుడు అసలు విషయం. సైజులు చూద్దాం. డీఎన్ఏని అక్షరాల్లో కొలుస్తారు. ఎక్స్‌లో సుమారు 15.5 కోట్ల అక్షరాలు. వై లో సుమారు 6.2 కోట్లు. ప్రోటీన్లు తయారు చేయించే జన్యువులు ఎక్స్ మీద 800కు పైగా ఉన్నాయి. వై మీద 106. ఆ 106లో కూడా చాలా భాగం ఒకే జన్యువుకి మళ్ళీ మళ్ళీ వచ్చిన కాపీలు. ఈ వై లెక్క పూర్తిగా తేలింది 2023లో. మనిషి జన్యుక్రమం చదివేశాం అని 2003లో ప్రకటించారు, గుర్తుందా, పేపర్ల నిండా వచ్చింది. అప్పటికి వై లో సగానికి పైగా చదవలేదు. ఒకే ముక్క పదే పదే తిరగబడి రావడంతో యంత్రాలు తికమకపడ్డాయి. 46లో ఆఖరున పూర్తిగా చదివింది మగవాడి వై నే.

ఈ రెండూ ఒకప్పుడు మామూలు జతే. సుమారు 16 నుంచి 18 కోట్ల ఏళ్ళ కిందట, పాలిచ్చే జంతువుల తొలి పూర్వీకుల్లో, వాటిలో ఒకదాని మీద మగ లక్షణాన్ని మొదలుపెట్టే జన్యువు ఏర్పడింది. అప్పటినుంచి ఆ రెండూ ముక్కలు మార్చుకోవడం తగ్గుతూ వచ్చింది. మిగతా 22 జతల్లో తల్లి నుంచి వచ్చినదీ తండ్రి నుంచి వచ్చినదీ పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. వై కి ఆ అవకాశం రెండు కొసల దగ్గర మాత్రమే మిగిలింది. తోడు లేని వై ఒక్కో జన్యువునీ పోగొట్టుకుంటూ ఇంత చిన్నదైంది.

మార్చుకోవడం లేకపోవడం వల్ల ఇంకోటి జరిగింది. తండ్రి వై దాదాపు అలాగే కొడుక్కి వెళ్తుంది, కొడుకు నుంచి మనవడికి. సరిగ్గా మన ఇంటిపేరులాగా. ఇంటిపేరు మగవాళ్ళ వరసలో దిగుతుంది, వై కూడా అంతే. ఆడపిల్ల ఆ వరస బయట ఉంటుంది. అందుకే వై ని చూడగానే మనవాళ్ళకి "ఇదే మన వంశం" అనిపిస్తుంది. మంచిదే. కానీ ఆ వంశంలో ఉన్న సరుకు ఎంతో ఇప్పుడే చెప్పాను, 106 జన్యువులు. మొత్తం మనిషికి ప్రోటీన్ జన్యువులు సుమారు 20 వేలు.

ఎక్స్ ప్రయాణం వేరు. అది అడ్డదిడ్డంగా తిరుగుతుంది. మగవాడు తన ఒకే ఒక్క ఎక్స్‌ని ఎవరి దగ్గర తీసుకుంటాడు? అమ్మ దగ్గర. ఇంకో దారి లేదు, నాన్న వై ఇచ్చేశాడు కాబట్టి. మళ్ళీ దాన్ని ఎవరికిస్తాడు? కూతురికి. కొడుక్కి ఇవ్వలేడు. ఇప్పుడు నాన్నమ్మల సంగతి చూడండి. ఇక్కడ నాన్నమ్మలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. బాగుంది. మీ అబ్బాయికి కొడుకు పుడితే ఆ మనవడికి మీ ఎక్స్ వెళ్ళదు. మీ అబ్బాయి వాడికి మీ ఆయన నుంచి వచ్చిన వై ఇచ్చాడు. ఆ మనవడి ఎక్స్ మొత్తం మీ కోడలిది, అంటే కోడలి పుట్టింటిది. అదే మనవరాలు పుడితే? మీరు మీ అబ్బాయికి ఇచ్చిన ఎక్స్ దాదాపు చెక్కుచెదరకుండా ఆ పిల్లకి వెళ్తుంది. కచ్చితంగా వెళ్తుంది, మధ్యలో అదృష్టం పాత్ర ఏమీ లేదు. మనవడు కావాలని మొక్కుకునేది నాన్నమ్మ, ఆవిడ ఎక్స్ మాత్రం మనవరాలికే. (నవ్వులు, చప్పట్లు)

ఒక మాట సరిగా చెప్పాలి. మిగతా 22 జతల్లో నాన్నమ్మ వాటా మనవడికీ మనవరాలికీ ఒకేలా వస్తుంది, సగటున పావు వంతు. మనవడు పరాయివాడు అయిపోడు, గాభరా పడకండి. నేను చెబుతున్నది ఎక్స్ సంగతే.

ఇంకా చూడండి. అబ్బాయికి 22 తల్లి నుంచి, 22 తండ్రి నుంచి. ఆపైన తల్లి నుంచి 15.5 కోట్ల అక్షరాల ఎక్స్, తండ్రి నుంచి 6.2 కోట్ల వై. వీటితో పాటు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో 37 జన్యువులుంటాయి, అవి పూర్తిగా తల్లివే. వంశోద్ధారకుడు అని మనం ఎత్తుకు తిరిగే పిల్లాడు, తూకం వేస్తే, తండ్రి కంటే తల్లి సరుకే కొంచెం ఎక్కువ మోస్తున్నాడు.

"సరే, వై చిన్నదే, మగాణ్ణి చేసేది అదే కదా" అంటారు. అది కూడా కొంతవరకే నిజం. గర్భంలో మొదటి ఆరు వారాల దాకా పిండంలో ఆడ, మగ తేడా కనిపించదు. రెండు దారులకీ కావలసిన ముడిసరుకు ఇద్దరిలోనూ ఉంటుంది. తర్వాత వై మీద ఎస్ఆర్‌వై అనే ఒక జన్యువు పనిచేస్తే వృషణాల దారి మొదలవుతుంది. లండన్‌లో గుడ్‌ఫెలో, లవెల్ బ్యాడ్జ్ బృందాలు దీన్ని 1990లో పట్టుకున్నాయి. మరుసటి ఏడాది ఎక్స్ ఎక్స్ ఉన్న ఎలుక పిండంలో ఆ ఒక్క జన్యువు పెడితే మగ ఎలుక పుట్టింది. బాగా పేరొచ్చిన ప్రయోగం. కానీ ఆ జన్యువు చేసేది మొదలుపెట్టడం వరకే. ఆ తర్వాత పని చేసే జన్యువుల్లో ముఖ్యమైనవి 17వ క్రోమోజోము మీద, 9వ దాని మీద ఉన్నాయి. ఆ రెండు క్రోమోజోములూ ఆడవాళ్ళలోనూ ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఇది. వృషణాలు మగ హార్మోను తయారు చేస్తాయి. ఆ హార్మోనుని శరీరం అందుకోవాలంటే కణాల్లో ఒక రిసెప్టర్ ఉండాలి. ఆ రిసెప్టర్ జన్యువు ఎక్కడుందో చెప్పగలరా? (సభలోంచి: "వై మీద.") కాదమ్మా. ఎక్స్ మీద. అంటే మీసాలు, గడ్డం, గొంతు మారడం, ఇవన్నీ రావాలంటే అమ్మ ఇచ్చిన ఎక్స్ సరిగా ఉండాలి. అది పనిచేయకపోతే వై ఉన్నా, వృషణాలు లోపల ఉన్నా, హార్మోను రక్తంలో బోలెడు తిరుగుతున్నా, బిడ్డ ఆడపిల్లగానే పుడుతుంది, ఆడపిల్లగానే పెరుగుతుంది. నెలసరి రాలేదని డాక్టరు దగ్గరకి వెళ్ళినప్పుడు గానీ చాలామందికి తెలియదు. దీన్ని ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీ అంటారు.

స్పెయిన్‌లో మరియా హోసే మార్టినెజ్ పాటిన్యో అనే హర్డిల్స్ క్రీడాకారిణి ఉండేది. 1985లో జపాన్‌లోని కోబేలో యూనివర్సిటీ క్రీడలకి వెళ్తే క్రోమోజోము పరీక్షలో ఎక్స్ వై అని వచ్చింది. టైటిళ్ళు తీసేశారు, స్కాలర్‌షిప్ పోయింది, పేపర్లకెక్కింది. ఆవిడ పోరాడి, తన శరీరం మగ హార్మోనుని అందుకోదని చూపించి, 1988లో మళ్ళీ అనుమతి తెచ్చుకుంది. ఒలింపిక్స్‌లో 1968 మెక్సికో నుంచి ఆడ క్రీడాకారులందరికీ ఈ పరీక్ష ఉండేది. 1996 అట్లాంటాలో ఎనిమిది మంది పరీక్షలో తప్పారు. విచారించాక అందరినీ ఆడనిచ్చారు. చివరికి 1999లో అందరికీ చేసే పరీక్ష ఆపేశారు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఒలింపిక్స్ 2000 సిడ్నీ. సిడ్నీ అనగానే మన శ్రీకాకుళం వాళ్ళకి ఎవరు గుర్తొస్తారు? (సభలోంచి: "కరణం మల్లీశ్వరి!") అవును. ఆమదాలవలసలో బరువులెత్తడం నేర్చుకున్న అమ్మాయి 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. క్రోమోజోము సర్టిఫికెట్టు అడగని ఒలింపిక్స్ అది.

2025లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మళ్ళీ ఎస్ఆర్‌వై పరీక్ష తెచ్చింది. ఆడవాళ్ళ పోటీల్లో న్యాయం ఉండాలన్న వాళ్ళ ఆందోళన నాకు అర్థమవుతుంది. దానికి ఈ పరీక్ష సరిపోదని నా అభిప్రాయం. జన్యువు ఉందా లేదా అనేది అది చెబుతుంది. ఆ జన్యువు మొదలుపెట్టిన పనిని శరీరం అందుకుందా లేదా అనేది చెప్పదు.

మెక్సికో రోజుల్లో ఆ పరీక్ష ఎలా చేసేవారంటే, బుగ్గ లోపల గీరి కణాలు తీసి, రంగు వేసి, ఒక నల్లటి చుక్క కోసం చూసేవారు. ఆ చుక్కని 1949లో కెనడాలో బార్ అనే ఆయన, బెర్‌ట్రమ్ అనే విద్యార్థి పిల్లుల నరాల కణాల్లో చూశారు. ఆడపిల్లుల్లో ఉంది, మగపిల్లుల్లో లేదు. అదేమిటో ఇంగ్లాండులో మేరీ లయన్ 1961లో తేల్చి చెప్పింది. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు. రెండూ పూర్తిగా పనిచేస్తే ఆ జన్యువుల ఉత్పత్తి మగవాళ్ళ కంటే రెట్టింపు అవుతుంది. అందుకని పిండ దశలో ఒక్కో కణం ఏదో ఒక ఎక్స్‌ని ముడిచి మూల పెట్టేస్తుంది. ఆ ముడుచుకున్నదే నల్ల చుక్క. ఏ ఎక్స్‌ని మూల పెట్టాలో ఒక్కో కణం విడిగా తేల్చుకుంటుంది. ఒక కణం నాన్న ఎక్స్‌ని మూసేస్తే పక్క కణం అమ్మ ఎక్స్‌ని మూసేయొచ్చు. ఆ కణం నుంచి పుట్టిన పిల్ల కణాలన్నీ అదే పద్ధతి పాటిస్తాయి.

తెలుపు మీద నలుపు, పసుపు మచ్చలున్న మూడు రంగుల పిల్లిని చూశారు కదా. అది దాదాపు ఎప్పుడూ ఆడదే. పసుపు రంగు తేల్చే జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. ఒక ఎక్స్ పనిచేసే చోట పసుపు, రెండోది పనిచేసే చోట నలుపు. ఆ జన్యువు ఏదో 2025లోనే పట్టుకున్నారు. ఈసారి సందులో అలాంటి పిల్లి కనిపిస్తే ఆగి చూడండి, మైక్రోస్కోపు అక్కర్లేదు. ఆడవాళ్ళ శరీరం లోపల కూడా ఇలాగే ఉంటుంది. కాలేయంలో ఒక చోట నాన్న ఎక్స్ నడుస్తుంటే పక్కన అమ్మది. మగవాడి శరీరంలో ఏ మూల చూసినా అమ్మ ఎక్స్ ఒక్కటే. అన్నట్టు, మూల పెట్టిన ఎక్స్ పూర్తిగా నిద్రపోదు. అందులో సుమారు 15 శాతం జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. అందుకే ఒకే ఎక్స్‌తో పుట్టే టర్నర్ అమ్మాయిలకి పొడవు, అండాశయాల విషయంలో ఇబ్బందులు వస్తాయి. రెండు ఎక్స్‌లు, ఒక వై తో పుట్టే క్లైన్‌ఫెల్టర్ అబ్బాయిలూ ఉన్నారు. ఈ రెండిటి కారణం 1959లో తేలింది. వై లేకుండా మనిషి బతకగలడు, సగం ప్రపంచం బతుకుతోంది. ఎక్స్ అసలు లేకుండా పుట్టిన మనిషి ఇప్పటిదాకా లేడు.

ఇప్పుడు మన జిల్లాల మాట. క్రోమోజోములో నడుమ నొక్కుకి అటూ ఇటూ ఉండే భాగాల్ని చేతులు అంటారు. ఎక్స్ పొడవు చేయి చివర, దాదాపు కొసన ఉన్న మూడు రకాల జన్యువుల్ని చెబుతాను. ఒకటి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని విడిగా చూపించేవి. రెండు, రక్తం గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టర్, ఇది లోపిస్తే హిమోఫిలియా. మూడు, జీ6పీడీ, అంటే ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైముది. వీటిలో తేడా వస్తే ఎక్కువగా బయటపడేది మగపిల్లల్లో. వాళ్ళకి రెండో కాపీ లేదు కదా.

జీ6పీడీ గురించి ఆశా అమ్మలు జాగ్రత్తగా వినాలి. పార్వతీపురం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండల్లో మలేరియా కొత్త కాదు. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాక్కుని మళ్ళీ తిరగబెడుతుంది. దాన్ని వదిలించడానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళకి ఆ మాత్ర పడదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఈ లోపం ఉన్నవాళ్ళకి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది, అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల జనంలో ఇది ఎక్కువగా మిగిలింది. మాత్ర వేసుకుంటున్న మనిషికి మూత్రం కాఫీ రంగులో వస్తున్నా, కళ్ళు పచ్చబడినా, ఆయాసం వచ్చినా వెంటనే మాత్ర ఆపి పీహెచ్‌సీకి పంపండి. ఆడవాళ్ళకి రాదులే అనుకోకండి. వాళ్ళలో కొన్ని కణాలు మంచి ఎక్స్‌తో, కొన్ని లోపం ఉన్న ఎక్స్‌తో నడుస్తాయి. ఏ వాటా ఎక్కువో మనిషిని బట్టి మారుతుంది. లయన్ చెప్పింది నిజమేనని 1962లో బ్యూట్లర్ మనుషుల్లో చూపించింది ఈ జీ6పీడీ తోనే. ఏజెన్సీలో సికిల్ సెల్ పరీక్షలు కూడా చేస్తున్నారు. అది 11వ క్రోమోజోము మీది వ్యవహారం, దానికి ఆడా మగా తేడా లేదు.

మేనరికం దగ్గరకి వద్దాం. డాక్టర్లు మేనరికాలన్నిటినీ ఒకే గాటన కట్టి వద్దంటారు. వద్దనడం సరైనదే. కానీ ఎక్స్ లెక్కలో రెండు మేనరికాలు ఒకటి కావు. ఒక కుర్రాడు మేనమామ కూతుర్ని చేసుకున్నాడనుకోండి. వాడి ఎక్స్ అమ్మది. పెళ్ళికూతురికి మేనమామ తన ఎక్స్ మొత్తం ఇచ్చాడు. ఆ అమ్మ, ఆ మేనమామ ఒక తల్లి బిడ్డలు. అంటే పెళ్ళికొడుకు అమ్మమ్మ ఎక్స్ ముక్కలు రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తున్నాయి. వాళ్ళకి కూతురు పుడితే, ఎక్స్‌లో ఎనిమిదో వంతు చోట్ల రెండు కాపీలూ ఆ అమ్మమ్మ దగ్గర నుంచి వచ్చిన ఒకటే కాపీ అయ్యే అవకాశం ఉంది. హిమోఫిలియా లాంటివి ఆడపిల్లల్లో అరుదు, ఇలాంటి పెళ్ళిళ్ళలో ఆ అరుదైనది జరగొచ్చు.

అదే కుర్రాడు మేనత్త కూతుర్ని చేసుకుంటే? మేనత్త వాడి నాన్న తోబుట్టువు. వాడికి నాన్న నుంచి ఎక్స్ రాలేదు. వాడి ఎక్స్ వేరే ఇంటి నుంచి వచ్చిన అమ్మది. వేరే చుట్టరికం లేకపోతే ఎక్స్ వరకు ఆ ఇద్దరూ పరాయివాళ్ళే, కలిసేది సున్నా. వెంటనే మేనత్త కూతుర్ని ఖాయం చేసేయకండి! (నవ్వులు) మిగతా 22 జతల్లో రెండు మేనరికాలకీ లెక్క ఒకటే, పదహారో వంతు. అక్క కూతుర్ని చేసుకుంటే అది ఎనిమిదో వంతు అవుతుంది. తలసీమియా, పుట్టు చెవుడు లాంటివి చాలా వరకు ఆ 22 జతల నుంచే వస్తాయి.

జనాభా లెక్కల్లో ఒక ముక్క చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. 2011లో వెయ్యిమంది మగవాళ్ళకి విజయనగరం జిల్లాలో 1019 మంది ఆడవాళ్ళు, శ్రీకాకుళంలో 1015. దీన్ని చూపించి మన దగ్గర ఆడపిల్లల సమస్య లేదనేవాళ్ళున్నారు. అలా తేల్చకూడదు. ప్రకృతిలోనే 100 మంది ఆడపిల్లలకి సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు, తర్వాత దాదాపు అన్ని వయసుల్లోనూ మగవాళ్ళే ఎక్కువగా పోతారు. పైగా మన మగవాళ్ళు పనుల కోసం హైదరాబాదు, చెన్నై వెళ్ళిపోతే ఇక్కడి లెక్కలో కనిపించరు. లింగ నిర్ధారణ పరీక్షలని నిషేధించే చట్టం 1994లో వచ్చింది, అది మన జిల్లాలకీ వర్తిస్తుంది.

ఆ, పెద్దాయన చెయ్యెత్తారు. మైకు అటివ్వండి.

(ఒక పెద్దాయన: "నాకు ఇద్దరూ ఆడపిల్లలే బాబూ. మీరు చెప్పినదాని ప్రకారం నా వై నాతో ఆగిపోయినట్టేనా?")

మీకు తమ్ముళ్ళున్నారా? ("ఒకడున్నాడు.") ఆయనకి కొడుకులు? ("ఇద్దరు.") అయితే ఎక్కడా ఆగలేదు. మీదీ మీ తమ్ముడిదీ ఒకే వై, మీ నాన్నగారిది. అది ఆ కుర్రాళ్ళ దగ్గర ఉంది. మీ పెదనాన్న, చిన్నాన్నల కొడుకుల దగ్గర కూడా అదే ఉంటుంది. మీ ఎక్స్ మాత్రం మీ దగ్గరే ఉంది, అది మీ అమ్మగారిది. మీ అమ్మాయిలిద్దరికీ మొత్తం వెళ్ళింది. మీకు ఇద్దరూ కొడుకులే అయి ఉంటే అదే మీ దగ్గర ఆగిపోయేది. మీరు చుట్ట తాగుతారా? ("తాగుతాను.") వయసు మీద పడ్డ మగవాళ్ళలో కొన్ని రక్తకణాలు వై ని పోగొట్టుకుంటాయి. పొగ తాగేవాళ్ళలో ఇది ఎక్కువ. మీ వై గురించి బెంగ ఉంటే ముందు చుట్ట మానండి. (నవ్వులు) నవ్వుతున్న ఆడవాళ్ళకి కూడా చెబుతున్నాను, మన తీరంలో అడ్డపొగ, అంటే చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని, తాగే అమ్మలున్నారు. మీకు పోవడానికి వై లేదు గానీ అంగిట్లో కాన్సర్ వస్తుంది.

ఇంకొక్కటి తీసుకుంటాను. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: "మా నాన్నకి ఎరుపు, ఆకుపచ్చ రంగులు సరిగా తెలియవు సార్. ఆర్మీ మెడికల్‌లో పోయింది. మా తమ్ముడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. వాడికీ వస్తుందా?")

మీ అమ్మ వైపు, అంటే మీ మేనమామలకో, మీ అమ్మ నాన్నగారికో, మీ పెద్దమ్మ, చిన్నమ్మల కొడుకులకో ఉందా? ("లేదు సార్.") అమ్మా నాన్నలది మేనరికమా? ("కాదు.") అయితే మీ తమ్ముడికి నాన్న నుంచి వచ్చే దారే లేదు. నాన్న వాడికి ఇచ్చింది వై. ఆ జన్యువు ఎక్స్ మీదుంది. నీకు మాత్రం నాన్న ఎక్స్ వచ్చి తీరుతుంది. నీకు రంగులు బాగానే కనిపిస్తున్నాయి కదా? ("కనిపిస్తున్నాయి.") అమ్మ ఇచ్చిన ఎక్స్ ఆదుకుంది. నువ్వు క్యారియర్‌వి. రేపు నీకు కొడుకులు పుడితే ఒక్కొక్కడికి సగం సగం అవకాశం. స్కూల్లో చేర్చే వయసులోనే కళ్ళ డాక్టరు దగ్గర చుక్కల పుస్తకం చూపించి పరీక్ష చేయిస్తే, మెడికల్ దాకా వెళ్ళి నిరాశపడక్కర్లేదు. మీ తమ్ముణ్ణి కూడా ఒకసారి ఆ పుస్తకం చదివించండి, ఖర్చు పెద్దగా ఉండదు. నాన్న విషయం తల్చుకుని టెన్షన్ పడొద్దని, సీబీటీకి, అదే కంప్యూటర్ మీద రాసే పరీక్షకి, చదువుకోమని చెప్పు.